ఎనిమిది దగ్గర ఆగిపోయే గడియారం

జీతాల విభాగంలో చేరిన మొదటి నెలలోనే నాకు ఒక తప్పు దొరికింది. దొరికిందనే అనుకున్నాను. నెలాఖరుకి హాజరు పట్టీ తీస్తే లోపలికి వచ్చిన టైమ్ ఒక గడిలో, బయటికి వెళ్ళిన టైమ్ పక్క గడిలో, ఆ పక్కన మొత్తం గంటలు వస్తాయి. పొద్దున 8:52కి వచ్చి రాత్రి 7:40కి వెళ్ళిన మనిషికి మొత్తం గడిలో 8:00. తొమ్మిదికి వచ్చి ఆరున్నరకి వెళ్ళిన మనిషికీ 8:00. 9:05కి వచ్చి జ్వరమని మధ్యాహ్నం రెండింటికే వెళ్ళిపోయిన ఆవిడకి మాత్రం నిక్కచ్చిగా 4:55. ఎనిమిదికి తక్కువైతే నిమిషాలతో సహా లెక్క, ఎక్కువైతే అక్కడ గోడ.

ప్రింటు తీసి, ఎర్ర పెన్నుతో గీతలు గీసి, మా సీనియర్ దగ్గరికి పట్టుకెళ్ళాను. సాఫ్ట్‌వేర్‌లో ఏదో తేడా ఉంది సార్, వాళ్ళకి చెప్పి సరిచేయిద్దామని. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని ఒకసారి చూసి, "తేడా కాదమ్మా, అలా చేయించుకున్నదే" అన్నారు. "ఓటీ (ఓవర్‌టైమ్) కావాలంటే ముందు రోజే మేనేజర్ సంతకంతో ఫారం రావాలి. ఫారం లేకపోతే ఎనిమిదే." నెలకి అలాంటి ఫారాలు ఎన్ని వస్తాయని అడిగాను. ఆయన నవ్వి కాగితం వెనక్కి ఇచ్చేశారు.

ఆ తర్వాత మూడేళ్ళు ఆ పట్టీల మీద నేనూ సంతకం పెట్టాను. అందుకే ఇది బాధితురాలి గొంతుతో రాస్తున్న వ్యాసం కాదు. కూడికని ఆపేసిన వాళ్ళలో నేనూ ఒకదాన్ని.

ఓవర్‌టైమ్ గురించి ఎక్కడ మాట మొదలైనా నేరుగా రేటు దగ్గరికే పోతుంది. ఎన్ని రెట్లు ఇస్తారు? 1919లో వాషింగ్టన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒడంబడికలో రోజుకి 8, వారానికి 48 గంటలని గీత గీసి, అది దాటిన పనికి కనీసం ఒకటింబావు రెట్లు ఇవ్వాలంది. అమెరికాలో 1938 నాటి చట్టం వారానికి 44 గంటలతో మొదలై, 1940 నాటికి 40కి దిగి, ఆ పైన ఒకటిన్నర రెట్లు అంటుంది. చైనాలో మామూలు రోజున ఒకటిన్నర, బదులు సెలవు ఇవ్వని వారాంతాన రెండు, చట్టబద్ధమైన పండగ సెలవున మూడు రెట్లు. భారతదేశపు 1948 ఫ్యాక్టరీల చట్టం రోజుకి 9, వారానికి 48 దాటితే ఏకంగా రెట్టింపు అంది. చదవడానికి ఎంత బాగుంటుందో.

కానీ రెట్లు అనేవి గుణకారంలో ఒక వైపే కదా. రెండో వైపు గంటలు ఉండాలి. అక్కడ సున్నా రాసి ఉంటే దాన్ని రెండుతో హెచ్చవేసినా, ఇరవైతో హెచ్చవేసినా వచ్చేది ఆ సున్నాయే. కథలో మాంత్రికుడి ప్రాణం ఎక్కడో చిలకలో ఉన్నట్టు, పనిగంటల చట్టం ప్రాణం హాజరు పట్టీలో ఉంది. దాన్ని ఎవరు రాస్తారు, ఎవరు దిద్దుతారు, అది లేనప్పుడు ఎవరి మాట నమ్ముతారు అనే మూడు ప్రశ్నలు తేలకుండా రేటు గురించి ఎంత పోట్లాడినా లాభం లేదని నా వాదన.

రేటు మీద బాహాటంగా చెయ్యి వేస్తే మనుషులకి కనిపిస్తుంది. 2020లో మహమ్మారి వంక చూపి గుజరాత్ ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో రోజుకి 12 గంటల పనికి అనుమతిచ్చి, అదనపు గంటలకి రెట్టింపు అక్కర్లేదు, మామూలు రేటు చాలంది. సంఘాలు సుప్రీంకోర్టుకి వెళ్ళాయి. అదే ఏడాది అక్టోబరు 1న కోర్టు ఆ నోటిఫికేషన్‌ని కొట్టేసింది. కళ్ళెదుట ఒక కాగితం ఉంది కాబట్టి దాన్ని సవాలు చేయగలిగారు. మా సాఫ్ట్‌వేర్ పెట్టిన గోడకి నోటిఫికేషన్ ఏది? ఏ గెజిట్‌లోనూ అచ్చు కాకుండా, ఎవరూ కేసు వేయకుండా, అది ప్రతి సాయంత్రం రెట్టింపుని సున్నా చేసేది.

ఇదేమీ కంప్యూటర్లు తెచ్చిన తెలివి కాదు. 19వ శతాబ్దపు బ్రిటిష్ మిల్లుల్లో పొద్దున గడియారాన్ని ముందుకి, సాయంత్రం వెనక్కి తిప్పేవారని అక్కడ పనిచేసిన వాళ్ళు చెప్పుకున్న సంగతులు మిగిలి ఉన్నాయి. పనివాళ్ళ దగ్గర సొంత గడియారం ఉంటే యజమానులకి నచ్చేది కాదు. 1833 చట్టం మిల్లుల తనిఖీకి నలుగురు ఇన్‌స్పెక్టర్లని పెట్టింది. వాళ్ళలో లియొనార్డ్ హార్నర్ లాంటి వాళ్ళు పోట్లాడింది గంటల మీద కాదు, నిమిషాల మీద. పొద్దున అయిదు నిమిషాలు ముందు, భోజనానికి రెండు నిమిషాలు ఆలస్యంగా వదలడం, రెండు నిమిషాలు తొందరగా పిలవడం. రోజుకి అయిదంటే అయిదే నిమిషాలు అనుకోండి, ఏడాదికి 300 రోజుల పనిలో అది 25 గంటలు. వంద మంది ఉన్న చోట 2,500 గంటలు. అందుకే 1844 చట్టంలో నాకు చాలా ఇష్టమైన ఒక నిబంధన చేరింది: మిల్లు పనివేళల్ని మిల్లు గడియారం ఇష్టానికి వదలకుండా, బయట అందరికీ కనిపించే గడియారాన్ని బట్టి, ఉదాహరణకి దగ్గర్లోని రైల్వే గడియారాన్ని బట్టి నడపాలి. పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో అచ్చువేసి గోడకి తగిలించాలి. కూలి ఎంతివ్వాలో ఆ చట్టం చెప్పలేదు. గడియారాన్ని మాత్రం యజమాని జేబులోంచి తీసి వీధిలో పెట్టింది.

1919 ఒడంబడికలోనూ అందరూ 8 గంటల వాక్యాన్నే గుర్తుపెట్టుకుంటారు. ఎనిమిదో అధికరణాన్ని ఎవరూ తలుచుకోరు. పనివేళల్ని నోటీసు పెట్టాలని, అదనంగా చేయించిన ప్రతి గంటకీ రికార్డు ఉంచాలని చెప్పేది అదే. (అదే ఒడంబడికలో బ్రిటిష్ ఇండియాకి వారానికి 60 గంటలని ప్రత్యేకంగా రాసి పెట్టారు. పాలించేవాడి గడియారం వేరు, పాలితుడి గడియారం వేరు. అదో పెద్ద కథ.)

రికార్డు ఉన్నంత మాత్రాన సరిపోతుందా అంటే, అమెరికాలోని మిషిగన్‌లో మౌంట్ క్లెమెన్స్ అనే కుండల కార్ఖానా సంగతి చెప్పాలి. అక్కడ పంచింగ్ గడియారం ఉంది, కార్డులూ ఉన్నాయి. లెక్క కట్టే పద్ధతి ఏమిటంటే, పంచ్ కొట్టాక వచ్చే తరవాతి పావుగంట నుంచి, బయటికి వెళ్ళే పంచ్‌కి ముందున్న పావుగంట దాకానే పని. పొద్దున 6:46కి పంచ్ కొట్టి, 12:14కి భోజనానికి వెళ్ళి, 12:46కి తిరిగొచ్చి, సాయంత్రం 4:14కి వెళ్ళిన మనిషికి గడియారం ప్రకారం 8 గంటల 56 నిమిషాలు. జీతం లెక్క ప్రకారం 8 గంటలు. రోజుకి 56 నిమిషాలు గాలికి. మొదటిసారి ఇది చదివినప్పుడు నాకు మా సీనియర్ కళ్ళజోడు గుర్తొచ్చింది.

ఆ కేసు 1946లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. గడియారం దగ్గర్నుంచి పనిబల్ల దాకా నడిచే టైమ్, ఏప్రన్ కట్టుకుని చేతులకి గ్రీజు రాసుకుని టేపు చుట్టుకునే టైమ్ కూడా పనేనంది కోర్టు. పరిశ్రమలవాళ్ళు గగ్గోలు పెట్టారు. మరుసటి ఏడాదే కాంగ్రెస్ కొత్త చట్టం తెచ్చి, నడక లాంటివి లెక్కలోకి రావని ఆ తీర్పులో సగాన్ని తుడిచేసింది. మిగిలిన సగమే అసలు సరుకు. రికార్డు సరిగ్గా ఉంచడం యజమాని బాధ్యత. ఉంచలేదా, కార్మికుడు తను సుమారుగా ఇంత పనిచేశానని నమ్మదగినట్టు చూపిస్తే చాలు. ఆ తర్వాత అది తప్పని నిరూపించుకోవాల్సిన బరువు యజమాని మీద పడుతుంది. నిమిషం నిమిషానికీ సాక్ష్యం తెమ్మని కార్మికుణ్ణి అడగడమంటే, లెక్క రాయని వాడికే బహుమతి ఇచ్చినట్టని కోర్టు ఉద్దేశం. ఓవర్‌టైమ్ చట్టాల మీద నేను చదివినవాటిలో ఇంతకన్నా న్యాయమైన మాట లేదు. ఒక్క వాక్యం చట్టంలో పెట్టనిస్తామంటే నేను పెట్టేది ఇదే.

ఆ దేశపు చట్టంలోనే ఇంకో చిన్న మాట ఉంది. పని పురమాయించక్కర్లేదు, పని జరుగుతుంటే చూస్తూ ఊరుకున్నా చేయించుకున్నట్టే. మా ఫారం పద్ధతిని నిలువునా కూల్చేసే మాట ఇది. ముందు రోజు సంతకం లేదు కాబట్టి నిన్న రాత్రి చేసిన పని పని కాదంటే, ఆ పని తాలూకు ఫలితాన్నీ వద్దనాలి కదా. రాత్రి తొమ్మిదింటికి పంపిన ఫైలుని, ఫారం లేదని ఏ మేనేజరూ తిప్పి పంపగా నేను చూడలేదు.

అసలు ఏది పని అన్నదాని మీద కోర్టుల్లో జరిగిన తగువులు చదువుతుంటే ఒక్కోసారి నవ్వొస్తుంది, ఒక్కోసారి ఒళ్ళు మండుతుంది. షిఫ్టు అయిపోయాక దొంగతనం అనుమానంతో గోడౌన్ గేటు దగ్గర లైన్లో నిలబెట్టి సోదా చేస్తారు. రోజుకి 25 నిమిషాలు పడుతోందని అమెజాన్ గోడౌన్లలో పనిచేసినవాళ్ళు వాదించారు. 2014లో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలూ ఏకగ్రీవంగా, అది మీ అసలు పనిలో భాగం కాదు పొమ్మన్నారు. 2020లో యాపిల్ దుకాణాల ఉద్యోగుల సంచుల సోదా మీద కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, తమ రాష్ట్రపు నియమాల ప్రకారం అది పనే, డబ్బు కట్టమంది. అదే సోదా, అదే లైను. మనిషి ఇంటికి పోలేడన్నది రెండు చోట్లా నిజం. ఆ టైమ్‌లో మనిషి ఎవరి మాటకి కట్టుబడి ఉన్నాడో చూడాలన్న కాలిఫోర్నియా కొలతే నాకు సరైనదనిపిస్తుంది.

ఐరోపా న్యాయస్థానం ఈ దారిలో ఇంకా ముందుకెళ్ళింది. ఆసుపత్రిలో ఆన్ కాల్ డ్యూటీలో ఉన్న డాక్టరు కాసేపు నిద్రపోయినా అది పనివేళే అని 2003లో చెప్పింది. 2018లో బెల్జియం అగ్నిమాపక వాలంటీరు కేసు మరీ విచిత్రం. అతను ఉన్నది ఇంట్లోనే. కానీ పిలిస్తే ఎనిమిది నిమిషాల్లో స్టేషన్లో ఉండాలి. ఎనిమిది నిమిషాల తాడు కట్టి వదిలిన మనిషిని స్వేచ్ఛగా ఉన్నాడని ఎలా అంటామని, ఆ ఇంటి గంటల్నీ పనిగంటలే అంది. ఇక్కడ ఓ మెలిక ఉంది. ఐరోపా సమాఖ్య పనివేళల ఆదేశం పనిగంటలకి హద్దు పెడుతుంది, సగటున వారానికి 48, రోజుకి 11 గంటల విశ్రాంతి. ఎంత డబ్బివ్వాలో మాత్రం చెప్పదు.

పెద్ద పెద్ద తగువులు సరే, పోయేదంతా చిల్లరగానే పోతుంది. కాలిఫోర్నియాలో స్టార్‌బక్స్ షిఫ్టు సూపర్‌వైజర్ ఒకతను రాత్రి దుకాణం మూసేవాడు. దుకాణం ముగింపు లెక్క కంప్యూటర్లో మొదలుపెట్టాలంటే ముందు తను క్లాక్ అవుట్ అవ్వాలి. యంత్రాన్ని అలా అమర్చారు. అంటే జీతం ఆగిపోయాక లెక్క పంపాలి, అలారం పెట్టాలి, తలుపు తాళం వెయ్యాలి. రోజుకి నాలుగు నుంచి పది నిమిషాలు. 17 నెలల్లో అవి కూడితే 12 గంటల 50 నిమిషాలు, అప్పటి కనీస వేతనం ప్రకారం 102 డాలర్ల 67 సెంట్లు. ఇంత చిన్న మొత్తాన్ని చట్టం పట్టించుకోదని కంపెనీ వాదన. 2018లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. రోజూ క్రమం తప్పకుండా తీసుకునే నిమిషాలు చిల్లర కిందికి రావంది. 2021లో అదే కోర్టు, భోజన విరామం పంచ్‌లని దగ్గర్లోని పది నిమిషాలకి సవరించే ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్‌నీ తప్పుపట్టింది. నిమిషాల దాకా కొలిచే యంత్రం చేతిలో ఉండగా పదుల్లోకి సవరించడం దేనికి? పాతకాలంలో గుమాస్తా చేత్తో కూడేవాడు కాబట్టి సౌకర్యం అనుకోవచ్చు. ఇప్పుడు ఆ సౌకర్యం ఎవరిదో చెప్పనక్కర్లేదు.

ఐరోపాలో మలుపు తిప్పింది 2019 మే 14 నాటి తీర్పు. స్పెయిన్‌లో ఒక కార్మిక సంఘం డాయిష్ బ్యాంకు మీద వేసిన కేసు. ఓవర్‌టైమ్ మాత్రమే రాస్తే చాలు, రోజువారీ గంటలు రాయక్కర్లేదని అప్పటి దాకా స్పెయిన్ కోర్టుల మాట. రోజుకి ఎంతసేపు పనిచేశాడో రాయకుండా, అందులో ఎంత అదనమో ఎలా తెలుస్తుంది? ఈ మామూలు ప్రశ్న అంత పెద్ద కోర్టు దాకా పోవాల్సి వచ్చింది. ప్రతి యజమానీ రోజువారీ పనిగంటల్ని నిష్పాక్షికంగా, నమ్మదగినట్టుగా, అందుబాటులో ఉండేలా కొలిచే ఏర్పాటు చేసి తీరాలని కోర్టు తేల్చింది. తీర్పుకి రెండు రోజుల ముందే స్పెయిన్‌లో కొత్త నియమం అమల్లోకి వచ్చింది: ప్రతి రోజూ మొదలు, ముగింపు రాయాలి, నాలుగేళ్ళు దాచాలి. 2022లో జర్మనీ కార్మిక కోర్టు కూడా అదే దారి పట్టింది.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళ మాట నేను కొట్టిపారేయను. గంటలు రాయడమనే పేరుతో స్క్రీన్ ఫొటోలు తీయడం, మౌస్ కదిలిందా లేదా చూడడం మొదలవుతుందంటారు. మొదలైంది కూడా. కానీ రెండింటికీ పోలిక లేదు. పనిగంటల రికార్డుకి కావలసినవి రెండే గుర్తులు, ఎప్పుడు మొదలు, ఎప్పుడు ముగింపు. మధ్యలో మనిషి వేళ్ళు ఎన్నిసార్లు కదిలాయో అక్కర్లేదు. పైగా నిఘా లెక్క యజమాని ఒక్కడే చూస్తాడు. నేను అడుగుతున్నది కార్మికుడు ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోగలిగేది. దిద్దితే ఎవరు దిద్దారో, దిద్దకముందు ఏముందో కనిపించాలి. మా సాఫ్ట్‌వేర్‌లో అసలు పంచ్‌లు ఎక్కడికీ పోలేదు, వెనకాల ఇంకో పట్టికలో భద్రంగా ఉండేవి. ఆ పట్టిక తెరిచే హక్కు మా విభాగానికి ఉంది, పంచ్ కొట్టిన మనిషికి లేదు. నా దృష్టిలో దొంగతనమంతా ఆ ఒక్క తాళంలోనే ఉంది.

ఇంకో మాట కూడా వింటుంటాను. మేం మేనేజర్లం, గంటలు చూసుకుని పనిచేసేవాళ్ళం కాదు అని. నిజంగా తన గంటలు తనే నిర్ణయించుకునే మనిషితో నాకు తగాదా లేదు. కానీ చాలా దేశాల చట్టాల్లో మేనేజర్లకి మినహాయింపు ఉంది కాబట్టి, ఆ పేరు పంచిపెట్టడం ఓటీ కన్నా చవక. జపాన్‌లో దీనికి పేరుకు మాత్రమే మేనేజరు అని ఒక మాటే పుట్టింది. 2008లో టోక్యో జిల్లా కోర్టు మెక్‌డొనాల్డ్స్ దుకాణం మేనేజర్ ఒకరి కేసులో, బోర్డు మీద పేరు కాదు, చేతిలో అధికారం చూడాలని చెప్పి ఓవర్‌టైమ్ ఇప్పించింది.

జీతం లేని అదనపు పనిని జపాన్‌లో సర్వీసు ఓవర్‌టైమ్ అంటారు. సేవ అన్నమాట. అతి పనితో చనిపోవడాన్ని కరోషి అంటారని అందరికీ తెలిసిందే. అలాంటి మరణాన్ని పని వల్లేనని గుర్తించడానికి అక్కడి అధికారులు చూసే గీత, చివరి నెలలో సుమారు 100 గంటల అదనపు పని, లేదా రెండు నుంచి ఆరు నెలల పాటు నెలకి సగటున 80. పట్టీలో ఆ గంటలు లేకపోతే? అప్పుడు ఇంట్లోవాళ్ళు లెక్క మొదలుపెడతారు. కంప్యూటర్ ఎప్పుడు ఆన్ అయింది, ఎప్పుడు ఆఫ్ అయింది, గేటు దాటిన టైమ్ ఏది, ఆఖరి మెయిల్ ఎప్పుడు వెళ్ళింది. పోయిన మనిషి పని చేశాడని, అతను బతికుండగా ఎవరూ రాయని పట్టీని కుటుంబం రాసుకోవాలి. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్ళకి 35-40 గంటలవాళ్ళ కన్నా పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి లెక్క తేల్చాయి. అలాంటి లెక్కకి ఆధారం గంటలు. మా పట్టీలే చూస్తే మా దగ్గర ఎవరూ ఎనిమిది దాటినట్టే ఉండదు. ఆ లెక్కన అందరూ ఆరోగ్యంగా ఉండాలి.

మూడో ఏడు చివర్లో ఒకాయన నా బల్ల దగ్గరికి వచ్చాడు. చొక్కా జేబులో పట్టేంత చిన్న పుస్తకం. ఆ నెల రోజూ వచ్చిన టైమ్, వెళ్ళిన టైమ్, నీలం పెన్నుతో. ఓటీ అడగడానికి కాదు మేడమ్, ఒకసారి సరిచూసుకుందామని వచ్చాను అన్నాడు. నేను స్క్రీన్ తిప్పి చూపించాను. వరుసగా ఎనిమిదులు. అతను కాసేపు చూసి, "అయితే నేనే ఎక్కడో తప్పు రాసుకుని ఉంటానండీ" అన్నాడు. పుస్తకంలో ఆ పేజీల జిరాక్స్ తెచ్చుకున్నాడు, వృథా ఎందుకని నా బల్ల మీదే పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక వెనకాల పట్టిక తెరిచాను. అతని పంచ్‌లు ఒక్కొక్కటీ జిరాక్స్ పక్కన పెట్టి కూడి చూశాను. అతని పుస్తకం ప్రకారం ఆ నెల అదనంగా చేసింది 36 గంటల 50 నిమిషాలు. యంత్రం ప్రకారం 37 గంటల 20 నిమిషాలు. అరగంట తేడా. 7:43కి వెళ్ళిన రోజున 7:40 అని, 8:12కి వెళ్ళిన రోజున 8:10 అని రాసుకున్నాడు. ప్రతిసారీ కిందికే.